లేజర్‌కూ ముహూర్తం చూసుకోవాలి

ముఖంపై గుంటలకు చికిత్స.. వారంలో తేలేది కాదు

మొటిమ పోతుంది. గుంట ఉండిపోతుంది. పదహారు పదిహేడేళ్లకు మొదలైన మొటిమలు ఇరవై అయిదు దాటేసరికి చాలామందిలో సద్దుమణుగుతాయి. అవి తవ్వి వదిలిన గుంటలు మాత్రం బుగ్గల మీద అలాగే నిలిచిపోతాయి. పెళ్లిచూపులకు పంపాల్సిన ఫొటో దిగేటప్పుడో, ఇంటర్వ్యూకు బయల్దేరుతూ అద్దం ముందు తల దువ్వుకునేటప్పుడో ముందుగా కంటికి కనిపించేవి అవే. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. హోసూరువాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. బళ్లారి, రాయచూరువాళ్లు బెంగళూరుకో హైదరాబాదుకో రాత్రి ప్రయాణం కడతారు. బరంపురం నుంచి విశాఖకు, యానాం నుంచి కాకినాడకు, షోలాపూరు నుంచి పుణేకు పోతారు. ఎక్కడికి వెళ్లినా చెవిన పడే మాట ఒకటే. లేజర్.

వారం సెలవు పెడితే చాలు, ముఖం నున్నగా అయిపోతుందని బోర్డుల మీద రాస్తారు. నిజానికి ఆ వారం చికిత్సయ్యాక పైపొట్టు రాలడానికి పట్టే కాలం. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. ఈ తేడా తెలియక పెళ్లికి మూడు వారాలుందనగా లేజర్‌కు కూర్చుని, పీటల మీదికి నల్లమచ్చలతో వెళ్లేవాళ్లుంటారు. అలాంటి కేసులు చర్మవైద్యులకు కొత్త కాదు. చాలాసార్లు తప్పు యంత్రానిది కాదు. ఎవరి చర్మానికి, ఏ మచ్చకు, ఏ కాలంలో, ఎవరి చేత్తో అన్నవి చూసుకోకపోవడమే.

బారామతిలో పుట్టినాయన కనిపెట్టిందే

గుంటలు పూడ్చడానికి ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. క్లినిక్కుల్లో సీవోటూ అంటారు. దీన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త కుమార్ పటేల్ 1938లో మహారాష్ట్రలోని బారామతిలో పుట్టారు. పుణేలో ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లారు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ 1964లో దీన్ని తయారుచేశారు. రేకులు కోసే ఫ్యాక్టరీల్లో కూడా ఈ రకం లేజర్లే చాలాకాలం రాజ్యమేలాయి.

ఈ వెలుగు కంటికి కనిపించదు. దాని తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. నీళ్లు దీన్ని బాగా పీల్చుకుంటాయి. మన చర్మంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి, వెలుగు తగిలిన చోట కణాలు రెప్పపాటులో ఆవిరైపోతాయి. చుట్టుపక్కల చర్మానికి సెగ తగులుతుంది. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే పీచు ఆ సెగకు ముడుచుకుంటుంది. ఆ తర్వాత కొత్త పీచు పుట్టడం మొదలవుతుంది. గుంట అడుగు పైకి లేచేది ఆ కొత్త పీచు వల్లే. ఒక లెక్క ప్రకారం, ఒక లోతు వరకు చేసే కాలిన గాయమే ఈ చికిత్స. గాయం యంత్రం చేస్తుంది. మాన్చుకోవాల్సింది మన ఒళ్లే. అందుకే యంత్రం ఎంత ఖరీదైనదైనా ఫలితం మనిషి మనిషికీ మారిపోతుంది.

ఒకప్పుడు ముఖం మీది పైపొర మొత్తాన్ని ఒకేసారి లేపేసేవారు. గాయం మానడానికి రెండు వారాలు, ఎరుపు తగ్గడానికి నెలలు పట్టేది. చామనఛాయ ఒంటికి అది పెద్ద గండమే. 2004లో అమెరికా పరిశోధకులు ఫ్రాక్షనల్ పద్ధతి బయటపెట్టాక దారి మారింది. నాట్లు వేసేటప్పుడు మొక్కకూ మొక్కకూ మధ్య జాగా వదిలినట్టు, లేజర్ చుక్కకూ చుక్కకూ మధ్య మంచి చర్మాన్ని వదిలేస్తారు. పక్కనున్న ఆ మంచి చర్మం గాయాన్ని త్వరగా కప్పేస్తుంది. మన దగ్గర ఇప్పుడు లేజర్ రీసర్ఫేసింగ్ అంటే దాదాపుగా ఇదే.

ఎర్బియం యాగ్ అని ఇంకో రకం ఉంది. దాని వెలుగును నీళ్లు ఇంకా ఎక్కువగా పీల్చుకుంటాయి. చుట్టుపక్కలకు పాకే సెగ తక్కువ, చర్మం బిగువెక్కడమూ కాస్త తక్కువే. పైపొరను తీయకుండా లోపల మాత్రమే వేడిచేసే రకాలూ ఉన్నాయి. వాటితో ఇంట్లో కూర్చునే రోజులు తగ్గుతాయి, సిట్టింగులు పెరుగుతాయి. ఏది వాడబోతున్నారో పేరు అడిగి రాసుకోవడం మంచిది. ఊరికే లేజర్ అంటే సరిపోదు. వెంట్రుకలు తీయడానికి వాడేదీ లేజరే, పచ్చబొట్టు చెరిపేదీ లేజరే.

నలుపు తేలడమే అసలు చిక్కు

అమెరికా వైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ 1975లో ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందన్నదాన్ని బట్టి మనుషుల చర్మాన్ని తరగతులుగా విడదీశారు. తర్వాత అవి ఆరయ్యాయి. మొదటిది ఎండలో కమిలిపోయే తెల్లటి చర్మం. ఆరోది బాగా నల్లటిది. మన దేశంలో ఎక్కువమంది నాలుగు, అయిదు తరగతుల్లోకి వస్తారు. ఈ చర్మానికి ఓ మేలుంది. ముడతలు ఆలస్యంగా వస్తాయి. ఓ చిక్కూ ఉంది. ఎక్కడ వాపు వచ్చినా, గాయమైనా, దోమ కుట్టినా, ఆ చోట రంగు పదార్థాన్ని అదనంగా పోస్తుంది. మొటిమ తగ్గినచోట నెలలపాటు నల్లచుక్క మిగలడం అందరికీ తెలిసిందే. లేజర్ చేసిన చోటా అదే జరగొచ్చు.

నొప్పికి భయపడి వచ్చేవాళ్లు దీని గురించి అడగరు. అసలు అడగాల్సింది ఇదే. సాధారణంగా ఈ నలుపు చికిత్సయిన మూడు నాలుగు వారాలకు తేలుతుంది. పొట్టు రాలింది, ముఖం బాగుంది అని ఊపిరి పీల్చుకున్నాక మొదలవుతుందన్నమాట. చాలామందిలో ఇది శాశ్వతం కాదు. మందులు, సన్‌స్క్రీన్‌తో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గుతుంది. కానీ ఆ నెలల్లోనే పెళ్లో, ఉద్యోగంలో చేరడమో ఉంటే కుంగిపోతారు.

అనుభవమున్న వైద్యులు అందుకే మన చర్మానికి లేజర్ శక్తిని తగ్గించి, చుక్కల్ని దూరందూరంగా వేసి, సిట్టింగుల సంఖ్య పెంచుతారు. ముందుగా చెవి వెనకో దవడ కిందో చిన్న చోట చేసి చూసి, నాలుగు వారాలు ఆగమనేవారూ ఉంటారు. అలా ఆగమంటే విసుక్కోకూడదు. మొదటిరోజే కుర్చీలో కూర్చోబెట్టే చోటికన్నా అదే మేలు.

తెలుగులో మంగు, కన్నడంలో బంగు

ముఖం మీదున్న ప్రతి మచ్చకూ ఇది మందు కాదు. నడివయసు ఆడవాళ్లలో బుగ్గల మీద, ముక్కు మీద సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకునే మచ్చ ఉంటుంది. తెలుగులో మంగు. కన్నడంలో బంగు. తమిళంలోనూ మంగే. మరాఠీకి వెళ్తే వాంగ్. సరిహద్దు దాటితే అక్షరం మారిందిగానీ మచ్చ ఒకటే. దీనికి లేజర్‌తో చర్మం లేపితే తగ్గకపోగా ముదిరే ప్రమాదం ఉంది. వేడి, వెలుగు రెండూ మంగుకు గిట్టవు. ఇంతకాలం పొయ్యి సెగ, ఎండ తగిలి పెరిగినదాన్ని లేజర్ సెగతో పోగొట్టాలనుకోవడం పొరపాటు. పూతమందులు, సన్‌స్క్రీన్ దీనికి మొదటి మెట్టు.

గుంటల్లోనూ రకాలున్నాయి. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉండేవి కొన్ని. అంచులు నిట్టనిలువుగా ఉండి చిన్న పెట్టెలా కనిపించేవి కొన్ని. ఆటలమ్మ పోసినవాళ్ల ముఖాన మిగిలే గుంటలు ఎక్కువగా ఈ కోవలోవే. మెత్తటి అలల్లా ఎగుడుదిగుడుగా ఉండేవి ఇంకొన్ని. లేజర్ బాగా పనిచేసేది లోతు తక్కువగా ఉన్న పెట్టె గుంటలకు. సూది గుంటల్లో ఒక్కోదానిలో అగ్గిపుల్ల మొనతో గాఢమైన ఆమ్లం చుక్క పెట్టే పద్ధతి ఉంది. టీసీఏ క్రాస్ అంటారు. అలల్లాంటివి అడుగున పీచుతో కిందికి లాగిపట్టి ఉంటాయి. సూది దూర్చి ఆ పీచును తెంపితే గానీ పైకి లేవవు. దాని పేరు సబ్‌సిషన్. ఒకే ముఖం మీద మూడు రకాలూ ఉండటం మామూలే. అన్నింటికీ ఒక్క లేజర్ ప్యాకేజీయే రాసిస్తున్నారంటే అక్కడ ముఖాన్ని సరిగ్గా చూడలేదనే అనుకోవాలి. సన్నటి సూదులతో, దానికితోడు రేడియో తరంగాల వేడితో చేసే మైక్రోనీడ్లింగ్ కూడా ఉంది. పైపొర పెద్దగా దెబ్బతినదు కాబట్టి నలుపు భయం తక్కువ. లేజర్‌కు వెళ్లే ముందు దాని గురించీ అడగొచ్చు.

ముందుగా చెప్పాల్సినవి

మొదటిసారి వెళ్లినప్పుడు డాక్టరు అడిగినా అడక్కపోయినా కొన్ని విషయాలు దాచకూడదు. ఛాతీ మీదో భుజం మీదో దెబ్బ తగిలిన చోట చర్మం గడ్డలా ఉబ్బే తత్వం ఉంటే చెప్పాలి. చెవులు కుట్టించుకున్న చోట కాయలా పెరిగినా అదే తత్వం. బొల్లి ఉన్నవారికి లేజర్ గాయమైన చోట కొత్త మచ్చ పుట్టొచ్చు. పెదవుల దగ్గర తరచూ నీటిపొక్కులు వచ్చేవారికి, అంటే హెర్పిస్ ఉన్నవారికి, లేజర్ తర్వాత అది ముఖమంతా పాకే అవకాశముంది. ముందునుంచే మాత్రలిస్తే ఆగుతుంది. మధుమేహం, గర్భం, వాడుతున్న మందులు, అన్నీ చెప్పాల్సిందే. ముఖం మీద ఇంకా పచ్చి మొటిమలుంటే ముందు వాటిని తగ్గించుకోవాలి. ఒకవైపు గుంటలు పూడుస్తుంటే మరోవైపు కొత్తవి పడుతుంటాయి మరి.

మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు మింగినవారిని ఆర్నెల్లు ఆగమనడం పాత పద్ధతి. పైపొర పూర్తిగా తీసే లేజర్‌కు ఆ జాగ్రత్త ఇప్పటికీ ఉంది. ఫ్రాక్షనల్ లేజర్‌కు అంత కాలం ఆగాల్సిన అవసరం లేదని 2017 నుంచి నిపుణుల సంఘాలు సడలింపునిచ్చాయి. నిర్ణయం డాక్టరుదే. మాత్ర మింగిన సంగతి చెప్పడం మాత్రం మన పని.

అన్నింటికన్నా ఎక్కువగా దాచేది క్రీము సంగతి. మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కుని, తెల్లబడటానికని రోజూ రాసుకునే ట్యూబులు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి వారం ముఖం మెరుస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి, ఎండకు మండి, నరాలు తేలి, సన్నటి వెంట్రుకలు మొలుస్తాయి. ఆపితే ఎర్రగా ఉబ్బిపోతుంది కాబట్టి మళ్లీ రాస్తారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీపైనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. అయినా ఏ ఊళ్లో అడిగినా చేతికి దొరుకుతూనే ఉన్నాయి. అలా పలచబడిన ముఖం మీద లేజర్ పెడితే గాయం సరిగ్గా మానదు. ముందు చర్మాన్ని దారికి తెచ్చుకోవాలి. దానికే నెలలు పట్టొచ్చు. ఏ ట్యూబు వాడారో పేరు గుర్తులేకపోతే ఖాళీదైనా సంచిలో వేసుకెళ్లడం మేలు.

కుర్చీలో కూర్చున్నాక

చికిత్స రోజున ముందు ముఖానికి మత్తు క్రీము దట్టంగా పూసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ముప్పావు గంట నుంచి గంట వరకు కూర్చోబెడతారు. ఈ క్రీమును సమయం కలిసొస్తుందని ఇంట్లోనే పూసుకుని రమ్మనడం సరికాదు. ఎక్కువ మోతాదు ఒంట్లోకి వెళ్తే గుండెకు, మెదడుకు హాని. క్రీము తుడిచాక కళ్లకు కప్పు పెడతారు. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ కళ్లద్దాలు పెట్టుకోవాలి. స్పిరిట్‌తో తుడిచి అది ఆరకముందే లేజర్ పెట్టకూడదు, అంటుకుంటుంది. పొగ పీల్చే గొట్టం పక్కనే ఉండాలి. ఇవేవీ కనిపించకపోతే కుర్చీలోంచి లేచి వచ్చేయడానికి మొహమాటపడక్కర్లేదు.

ముఖం మొత్తానికి అరగంట అటూఇటూ పడుతుంది. తాలింపు గింజ చిట్లి నూనె చుక్క పడ్డట్టు చుర్రుచుర్రుమంటూ ఉంటుంది. నుదురు, పైపెదవి దగ్గర ఎక్కువ. వెంట్రుక కాలిన వాసన వస్తుంది. కంగారు పడాల్సింది కాదు. అయిపోయాక రెండు మూడు గంటలు ముఖం మిరపకాయ పూసినట్టు మండుతుంది. చల్లటి తడిగుడ్డలు వేస్తారు. ఆ స్థితిలో నడినెత్తిన ఎండలో ఆరు గంటల బస్సు ప్రయాణం మంచిది కాదు. దూరం నుంచి వచ్చినవారు ఆ రాత్రి అక్కడే ఎవరింటనో ఉండి, తెల్లవారుజామున బయల్దేరడం నయం.

ఇంటికొచ్చాక

రెండో రోజుకు వాపు పెరుగుతుంది. కళ్లకింద ఉబ్బి, నిద్రలేచి అద్దం చూసుకుంటే గుర్తుపట్టడం కష్టమన్నట్టు ఉంటుంది. రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంటే కాస్త నయం. మూడో రోజునుంచి ముఖం గోధుమరంగుకు తిరిగి, వేలు పెడితే గరుకు కాగితంలా తగులుతుంది. దగ్గరగా చూస్తే జాలీ వేసినట్టు చుక్కలు. అయిదు నుంచి ఏడో రోజు మధ్య ఆ పొట్టు తనంతట తానే రాలుతుంది. కొందరిలో పదిరోజులు. గిల్లకూడదు. గిల్లినచోటే మచ్చ పడుతుంది.

ఆ రోజుల్లో ముఖం చల్లటి నీళ్లతో సున్నితంగా కడిగి, డాక్టరు రాసిచ్చిన లేపనం, ఎక్కువసార్లు అది మామూలు పెట్రోలియం జెల్లీ, పలచగా రాస్తూ చర్మాన్ని తడిగా ఉంచాలి. ఇక్కడే ఇంట్లో పెద్దవాళ్లతో పేచీ వస్తుంది. పచ్చి గాయమన్నాక పసుపు పెట్టాలంటారు. కలబంద గుజ్జు రాయమంటారు. నిమ్మరసం, శనగపిండి చెప్పేవాళ్లూ ఉంటారు. పొర లేచిన చర్మానికి ఇవేవీ పనికిరావు. మంటపుట్టి నలుపును పిలిచినట్టే అవుతుంది. బ్లీచ్, ఫేషియల్, త్రెడింగ్ కొన్ని వారాలపాటు మరిచిపోవాలి. మగవాళ్లు చర్మం పూర్తిగా మానేదాకా గడ్డం జోలికి పోకూడదు. హెల్మెట్ లోపలి పట్టీ బుగ్గకు రాసుకోకుండా ఆ వారం బండి కూడా పక్కనపెట్టడమే మంచిది.

మామూలుగా నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గాల్సింది మూడో రోజు తర్వాత పెరుగుతున్నా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా, గుత్తులుగా నీటిపొక్కులు లేచినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. చేసిన క్లినిక్ నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉంటే ఇదే ఇబ్బంది. అందుకని డబ్బు కట్టకముందే రాత్రిపూట ఫోన్ ఎత్తే నంబరు ఏదో, మన ఊళ్లో అవసరమైతే ఎవరికి చూపించుకోవాలో అడిగి పెట్టుకోవాలి.

పొట్టు రాలాక లేత గులాబీరంగు చర్మం బయటపడుతుంది. అసలు జాగ్రత్త అక్కణ్నుంచే. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించినది, రెండువేళ్ల పొడవున తీసి ముఖానికీ మెడకూ రాయాలి. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ. మూడు నెలలు తప్పకూడదు. కోలారు టమాటా మార్కెట్లో తెల్లారకముందే పనిలోకి దిగి మధ్యాహ్నం దాకా ఆరుబయట తిరిగేవాళ్లకు, పొలం పనివాళ్లకు, బండిమీద సరుకు చేరవేసేవాళ్లకు ఇది చెప్పినంత తేలిక కాదు. ఆ పని మానుకునే వీలు లేనివారికి లేజర్ వాయిదా వేసి, వేరే పద్ధతి చూడమని చెప్పడమే నిజాయతీ.

ఎంత తగ్గుతుంది?

మచ్చ పూర్తిగా మాయమవుతుందని ఎవరు చెప్పినా నమ్మకూడదు. గుంట లోతు సగం మేర తగ్గితే మంచి ఫలితం కిందే లెక్క. మామూలుగా మూడు నుంచి అయిదు సిట్టింగులు, మధ్యలో నాలుగు నుంచి ఎనిమిది వారాల విరామం ఉంటుంది. కొత్త పీచు పుట్టడం చివరి సిట్టింగ్ తర్వాత కూడా మూడు నుంచి ఆరు నెలలు సాగుతుంది. ఒక్క సిట్టింగ్‌కే ఏమీ కాలేదని ఇంకో క్లినిక్‌కు మారడం, అక్కడ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడం డబ్బు దండగ.

ప్రకటనల్లోని ముందు-తర్వాత ఫొటోల గురించి ఓ మాట. గుంట అనేది నీడవల్ల కనిపిస్తుంది. పక్కనుంచి వెలుగు పడితే ముఖమంతా గతుకుల రోడ్డులా ఉంటుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే అదే ముఖం నున్నగా కనిపిస్తుంది. మొదటిది ముందు, రెండోది తర్వాత అని అంటిస్తే లేజర్ పెట్టకుండానే గుంటలు పోయినట్టే! సొంత ముఖానికైతే ఒకే కిటికీ దగ్గర, ఒకే పూట, పౌడర్ లేకుండా ప్రతి నెలా ఫొటో తీసుకుంటే లెక్క తేలిపోతుంది.

ఖర్చు ఒక్కో సిట్టింగ్‌కు వేలల్లో ఉంటుంది. అందం కోసం చేయించుకునే చికిత్సకు ఆరోగ్య బీమా వర్తించదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత అవయవాన్ని సరిచేసే శస్త్రచికిత్సకైతే వేరే లెక్క. అయిదు సిట్టింగులకు ఒకేసారి కడితే తగ్గింపంటారు. మొదటి సిట్టింగ్‌కే నలుపు తేలితే మిగతా నాలుగింటి డబ్బూ అక్కడే ఇరుక్కుంటుంది. ఒక్కోదానికి విడిగా కట్టడమే తెలివైన పని. ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రుల చర్మ విభాగాల్లో లేజర్ అన్నిచోట్లా ఉండదు. అయినా బళ్లారిలోనో, బరంపురం ఎంకేసీజీలోనో, కాకినాడ జీజీహెచ్‌లోనో ఓపీ చీటీ రాయించుకుని తనకున్నది ఏ రకం మచ్చో, లేజర్ అవసరమో కాదో తెలుసుకోవచ్చు. అమ్మేదేమీ లేని చోట చెప్పే సలహా అది.

చేసేది ఎవరు, సంతకం పెట్టేది దేనిమీద

చర్మవైద్యంలో ఎండీ, డిప్లొమా, డీఎన్‌బీ చదివినవారు చర్మవైద్యులు. కొద్దివారాల కాస్మెటాలజీ కోర్సు చేసి గోడకు సర్టిఫికెట్ తగిలించుకున్నవారు కారు. బోర్డు మీద డాక్టరు పేరుండి లోపల లేజర్ పట్టుకునేది టెక్నీషియన్ అయిన సందర్భాలుంటాయి. కాబట్టి నా ముఖం మీద యంత్రం పట్టేది ఎవరని నేరుగా అడగండి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరును జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. క్లినిక్‌కూ రిజిస్ట్రేషన్ ఉండాలి. కర్ణాటకలో దానికి 2007 నాటి ప్రైవేటు వైద్యసంస్థల చట్టం, తమిళనాడులో 1997 చట్టం, ఒడిశాలో 1990 చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం ఉన్నాయి. యానాం కేంద్రపాలిత ప్రాంతంలో భాగం కాబట్టి అక్కడ 2010 నాటి కేంద్రచట్టం వర్తిస్తుంది.

తర్వాతది భాష. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో చదివినవాళ్లకు చేతిలో పెట్టే అంగీకారపత్రం మాత్రం ఇంగ్లిషులో ఉంటుంది. రెండు పేజీలు తిప్పి చివర సంతకం పెట్టేస్తారు. రోగి ఒప్పుకోలు చెల్లాలంటే చికిత్స ఏమిటో, ప్రమాదాలేమిటో, వేరే దారులేమున్నాయో ముందుగా తగినంత వివరంగా చెప్పి ఉండాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. అర్థం కాకపోతే ఎవరిచేతైనా చదివించుకుని మర్నాడు సంతకం పెడతామని చెప్పే హక్కు ఉంది. యంత్రం పేరు, ఎంత శక్తితో చేశారన్న వివరాలున్న కాగితం ప్రతి సిట్టింగ్‌కూ అడిగి తీసుకోవాలి. 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం రోగి తన రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఊరు మారినా, డాక్టరు మారినా ఆ కాగితమే ఆధారం.

తేడా జరిగితే కేసు వేయడానికి మళ్లీ ఆ నగరానికే పోవాలేమోనని చాలామంది వదిలేస్తారు. అక్కర్లేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. బెంగళూరులో లేజర్ చేయించుకున్న హోసూరు మనిషి కృష్ణగిరి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే సరి. గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల వరకైతే కోర్టు ఫీజు లేదు. రసీదు లేకుండా నగదు ఇచ్చి ఉంటే మాత్రం ఇదంతా గాలిలో మాటే.

వెనక్కి లెక్కేసుకుంటే

నాలుగు సిట్టింగులు, మధ్యలో ఆరేసి వారాలు అనుకుందాం. మొదటిదానికీ చివరిదానికీ నడుమ నాలుగు నెలలు దాటుతుంది. నలుపు తేలితే తగ్గడానికి, కొత్త పీచు పట్టడానికి కనీసం ఇంకో మూడు నెలలు. మొత్తం ఏడెనిమిది నెలలు. మాఘంలో పెళ్లనుకుంటే అంతకుముందు జ్యేష్ఠంలో, అంటే జూన్‌లో మబ్బులు పట్టే వేళకు మొదలుపెట్టాలి. శ్రావణం పెళ్లికి అదే లెక్కన మార్గశిరంలో మొదలుపెడితే చివరి సిట్టింగ్ ఏప్రిల్ ఎండల్లో పడుతుంది. బళ్లారి, రాయచూరు ఎండల్లో అది కోరి తెచ్చుకున్న తలనొప్పి. దసరా కాగానే మొదలుపెడితే మాఘం పోయేలోగా సిట్టింగులు ముగుస్తాయి.

పెళ్లికి నెలే ఉందంటే లేజర్ మాట ఎత్తకపోవడమే మంచిది. పచ్చి మొటిమలుంటే చర్మవైద్యుడి చేత మందు రాయించుకోవచ్చు. సన్‌స్క్రీన్ ఆ రోజునుంచే అలవాటు చేసుకోవచ్చు. మిగతాది మేకప్ చూసుకుంటుంది. నలుగు, మంగళస్నానం, పసుపు యథావిధిగా కానివ్వొచ్చు. ముఖం మీద గాయం లేదు కదా. కొత్త కోడలు ఆషాఢానికి పుట్టింటికి వచ్చినప్పుడు, తీరిగ్గా డాక్టరు దగ్గరికి వెళ్లి గుంటలు ఏ రకమో చూపించుకోవచ్చు. ఆ లోపు గర్భమని తెలిస్తే కాన్పు అయ్యేదాకా ఆగమనే చెబుతారు.